చచ్చిన చేప ఈదిన పేజీ

దేశ చరిత్ర మొత్తాన్ని ఒక్క సంపుటంలో, పదో తరగతి చదివినవాళ్ళకి కూడా అర్థమయ్యే తెలుగులో రాసిస్తానని ప్రచురణకర్తకి మాట ఇచ్చేనాటికి నేను బడి ఉద్యోగం నుంచి విరమించి ఆరు నెలలు. రెండేళ్ళలో అయిపోతుందనుకున్నాను. తొమ్మిదేళ్ళు పట్టింది. ఆ తొమ్మిదేళ్ళలో పోని ఓపిక ప్రూఫులు దిద్దిన చివరి రెండు నెలల్లో పోయింది.

నేను పంపిన టైపు వాళ్ళ కంప్యూటర్‌లోకి వెళ్ళేసరికి ఒత్తులన్నీ రాలిపోయాయి. అవి పెట్టించి పంపితే ఈసారి రాజుల వంశవృక్షాలు పేజీ దాటి బయటికి వచ్చేశాయి. మా ఇల్లు పాత పోస్టాఫీసు వైపు. రేవు వైపున్న కిటికీ తెరిస్తే కాగితాల మీద సన్నటి బొగ్గుపొడి పేరుకుంటుంది, మూస్తే ఉక్కకి చెమట బొట్లు అక్షరాల మీద పడతాయి. కాగితం దులపడం, దిద్దడం, మళ్ళీ దులపడం. ఇదీ నా చరిత్ర రచన.

వీటన్నిటికీ తోడు ఎడిటరుగారు. ఆయన విజయవాడలో ఉంటారు. పొద్దున్నే వాక్యం చదువుకుని, ప్రార్థన ముగించి, మోకాళ్ళ మీద నుంచి లేస్తున్నానో లేదో ఫోను మోగేది. ఆయనకి ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"మాస్టారూ, రెండు వందల పన్నెండో పేజీ. ఆ చేపకి ఆధారం ఏమిటి?"

మొగలుల మీద ఒక్క ప్రశ్న వేయని మనిషి. కంపెనీ యుద్ధాల మీద ఒక్క సందేహం రాని మనిషి. చేపకి ఆధారం అడుగుతున్నాడు.

అంత పుస్తకంలోనూ మా ఊరి గురించి నేను ధైర్యం చేసి పెట్టుకున్నది ఆ ఒక్క పేరాయే. స్వాతంత్ర్యం వచ్చిన రోజు పొద్దున, మా ఊరి బెస్తపేటలో ఆ సంగతి తెలియని ఒక మనిషి ఎప్పటిలాగే తెప్ప వేసుకుని వేటకి వెళ్ళాడు. మధ్యాహ్నం ఒడ్డుకి వచ్చాక ఎవరో చెప్పారు. వెంటనే తన వలలోని అన్నిటికన్నా పెద్ద చేపని తీసి, ఈ రోజు నీకూ విడుదలే అని సముద్రంలోకి వదిలేశాడు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ఆయన కూతురు మా ఇంటికి గంపతో చేపలు తెచ్చేది. ఈ సంగతి నాకు చెప్పింది ఆవిడే.

"అచ్చులో ఎక్కడా లేదు సార్. నోటి మాట," అన్నాను.

"నోటి మాటంటే కుదరదు మాస్టారూ."

మా చర్చి సంఘంలో ఎవరి మీద ఏ ఫిర్యాదు వచ్చినా ఇద్దరు సాక్షులు లేనిదే పెద్దలు కూర్చోరు. ఆదివారపు బడిలో చదువుకున్న రోజుల నుంచీ నాకు ఆ పద్ధతి మీద గురి. "ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయించి పంపుతాను. చాలా?" అన్నాను గొప్పగా.

"చాలు. కాస్త త్వరగా. ఆర్టిస్టు కవర్ మీద ఆ చేపనే వేస్తున్నాడు. నిజం చెప్పనా మాస్టారూ, పుస్తకం మొత్తంలో నన్ను కదిలించింది అదొక్కటే."

తొమ్మిదేళ్ళు. కదిలించింది ఒక చేప.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో టీ తాగుతూ ఈ గోడు వెళ్ళబోసుకుంటున్నాను. గాజువాక నుంచి వచ్చే సంఘపెద్ద ఒకాయన, ఉక్కు ఫ్యాక్టరీలో చేసి విరమించినవాడు, కప్పు కింద పెట్టేశాడు.

"ఆ సేప సంగతి నాకు తెలీదేటి బ్రదర్? మా నాన్న కళ్ళారా సూసినాడు. ఇంతుంటాది సేప. నీళ్ళల్లోకి ఒగ్గగానే తోక కొట్టి, ఓపాలి ఎనక్కి తిరిగి సూసి మరీ ఎల్లిపోనాదట."

"వెనక్కి తిరిగి చూసిందా?"

"సూడదా మరి? ప్రాణం పోసినోడు గదా!"

నా పేరాలో లేని వివరం కూడా ఆయన దగ్గర ఉంది కాబట్టి సాక్ష్యం ఇంకా గట్టిదనుకుని నేను పొంగిపోయాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పినవాణ్ణి ఆ క్షణంలో అలా పొంగిపోయానని రాయడానికి సిగ్గుగా ఉంది. అక్కడికక్కడే కాగితం రాయించి సంతకం పెట్టించుకున్నాను.

ఇక మిగిలింది ఆవిడ వేలిముద్ర. సోమవారం బెస్తపేటకి వెళ్ళాను. ఇప్పుడు ఆవిడ నడవలేదు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. పక్కనే ఆవిడ తమ్ముడు నేల మీద కాళ్ళు చాపుకుని, వల ఒక కొస కాలి బొటనవేలికి తగిలించుకుని చిరుగులు అల్లుకుంటున్నాడు. నేను దండం పెడితే తలాడించాడు, అంతే.

పేరా చదివి వినిపించాను. ఆవిడ మొదట నోరు తెరిచింది, తర్వాత నవ్వు మొదలుపెట్టింది, ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

"ఓలమ్మో! సేపనొగ్గేసినాడా మా అయ్య? తెల్లారగట్ల వల్లో పడిన సేప మజ్జానం దాకా బతికుంటాదేటి బాబూ? సచ్చిన సేప ఏటి ఈదుతాది?"

"నువ్వే కదా చెప్పావు పెద్దమ్మా?"

"నానా? మా అయ్య పెద్ద సేపనొగ్గేసి ఉత్త సేతుల్తో ఇంటికొత్తే, మా అమ్మ ఆయన్నే సముద్రంలో ఒగ్గేసుండీది!"

తమ్ముడు తల ఎత్తకుండానే నవ్వాడు. ఆవిడ మాత్రం నవ్వు ఆపేసింది.

"నాను సెప్పింది అది కాదు బాబూ. నువ్వు రాసుకున్నావు కూడాను. ఆ రోజు వల్లో కవళ్ళ సేపలు పడ్డాయి, ఎప్పుడూ పడనన్ని. ఒడ్డుకొచ్చి సూత్తే కొనీవోడు ఒక్కడూ నేడు. ఊరు ఊరంతా జెండా సూడ్డానికి ఎల్లిపోనాది. మా అమ్మ గంపెట్టుకుని ఈదీదీ ఇల్లిల్లూ తిరిగింది. అన్నిళ్ళకీ తాళాలే. నిండు గంప నిండు గంపలాగే ఇంటికొచ్చీసింది. ఎండబెడదారంటే సాయంత్రం వాన. రెండ్రోజులు పేటంతా కంపు. ఆకరికి ఇసకలో గొయ్యి తీసి కప్పెట్టినాం. మా అయ్య సచ్చీదాకా అనీవోడు, 'సొతంత్రం రేపొత్తాదని మాకో మాట సెప్పుంటే వల ఏసీవోళ్ళం కాదు గదా' అని."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"నీ బుక్కులో మా అయ్య పడతాడని పేటంతా సెప్పుకున్నాను," అంది ఆవిడ. "ఆ సేపనొగ్గినోడు ఎవలో నాకు తెల్దు. మా అయ్య కాదు."

ఇంటికి వచ్చి అలమరలోంచి పాత నోటు పుస్తకం తీశాను. కాగితం దండగ చేయడం నాకు ఇష్టం ఉండదు. అందుకని ఒకే లావుపాటి పుస్తకంలో ముందు నుంచి చరిత్ర, వెనక నుంచి ఆదివారం ప్రసంగాలు రాసుకునేవాణ్ణి. సంఘంలో నాకు నెలకొకసారి వాక్యం చెప్పే పని ఉండేది. ముందు వైపున ఆవిడ చెప్పిందంతా ఉంది, కవళ్ళు, తాళాలు, గొయ్యితో సహా. కానీ ఆ పేజీలు ఎప్పుడో టీ ఒలికి అతుక్కుపోయాయి, ఇప్పుడు మెల్లగా విడదీస్తే గాని కనబడలేదు. వెనక నుంచి చూస్తే ఒక ఆగస్టు నెల ప్రసంగం ఉంది. పాపం నుంచి విడుదల గురించి. గొయ్యి తవ్విన మనిషి గురించి చెబితే ఎవరికి హత్తుకుంటుందని, వినేవాళ్ళ కళ్ళు చెమర్చాలని, ఆ చేపని నేనే వలలోంచి తీశాను, నేనే నీళ్ళలోకి వదిలాను. ఏళ్ళ తర్వాత పుస్తకం రాసేటప్పుడు, రెండు రాతలూ కలిసే చోట పుస్తకాన్ని తిరగేసి, ఏది ఏ వైపుదో చూసుకోకుండా ప్రసంగాన్ని చరిత్రలోకి ఎక్కించేశాను.

అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞను పిల్లల చేత ఎన్ని ఆదివారాలు వల్లె వేయించానో ప్రభువుకే తెలుసు.

మరి గాజువాక సంఘపెద్ద వాళ్ళ నాన్న కళ్ళారా చూసిందేమిటి? మర్నాడే షేర్ ఆటోలో ఆయన ఇంటికి వెళ్ళాను.

"బ్రదర్, ఆ చేప సంగతి నేను కల్పించింది. ప్రసంగంలో మీరు నా నోటనే విని ఉంటారు," అన్నాను.

ఆయన ముఖం ఎర్రబడింది. "అంటే మా నాన్న అబద్దమాడినాడనా? నాను అబద్దమాడతన్నాననా? సంతకం పెట్టినాను బ్రదర్ నాను!"

"పెట్టారు. అందుకే వచ్చాను."

"ఆ సేప ఎనక్కి తిరిగి సూసింది కూడా నువ్వే కల్పించినావేటి?"

"లేదు, అది మీదే."

లోపలి నుంచి ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చి నా చేతికిచ్చింది. "మా మావగారు వాళ్ళ ఊరు పద్మనాభం దాటి ఎప్పుడెల్లారండీ బ్రదర్? బతికినన్నాళ్ళూ వరిసేనే. సముద్రమంటే బయ్యం ఆయనకి. మా పెళ్ళికి ఒక్కసారి బీచికి తీసుకెల్తే సెప్పులు సేత్తో పట్టుకుని రోడ్డు మీదే నిలబడిపోనారు."

"నువ్వు లోనకెల్లు," అన్నాడాయన. ఆవిడ వెళ్ళలేదు. "మరి నాకు మా నాన్న గొంతుతోనే ఇనపడతాది బ్రదర్," అన్నాడాయన. ఆయన మీద నాకు కోపం రాలేదు. మా సంఘంలో ఒకరి సాక్ష్యం పదిసార్లు వింటే అది అందరిదీ అయిపోతుంది. అది మా బలమనే నేను అనుకుంటూ వచ్చాను. కాగితం చింపేసి వచ్చేశాను.

ఎడిటరుగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"మాస్టారూ, స్వాతంత్ర్యం అధ్యాయంలో కుళ్ళిన చేపలా?"

"అదే జరిగింది సార్."

"పోనీ 'ఒక కథనం ప్రకారం' అని పెట్టి మన చేపని ఉంచేద్దాం."

"ఆ కథనం నాది. ఉంచడానికి వీల్లేదు."

"అయితే పేరా మొత్తం తీసేద్దాం."

"అదీ వీల్లేదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు వేయండి."

"ఇప్పుడు మీకు ఉన్నది ఒక్క సాక్షే కదా? ఇద్దరన్నది మీరే."

మొదటిసారిగా ఆ మనిషికి నేను చెప్పిన మాట ఒకటి గుర్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రింట్ ఆర్డర్ మీద సంతకం చేయనని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ ఆదివారం సంఘం ముందు నిలబడి, ఫలానా ప్రసంగంలో నేను చెప్పిన చేప కల్పితమని, దాన్ని నిజంలా చెప్పినందుకు క్షమించమని అడిగాను. బయటికి వస్తుంటే పాస్టరుగారు భుజం మీద చెయ్యి వేసి, "అయినా మంచి ఉదాహరణ బ్రదర్. ఆనందపురం ప్రార్థన కూడికలో నేను కూడా వాడాను. చాలామంది ఏడ్చారు," అన్నారు.

ఆనందపురం వెళ్ళి ఇంటింటికీ చెప్పుకోవాలా?

పేరా పోతుందేమోనని ఆవిడకి ముందే చెప్పడం న్యాయమనిపించి మళ్ళీ బెస్తపేటకి వెళ్ళాను. అదే కుర్చీ, పక్కనే అదే వల. రెండో సాక్షి దొరకలేదనీ, అందువల్ల వాళ్ళ నాన్న మాట అచ్చు కాకపోవచ్చనీ చెప్పాను. ఆవిడ ముఖం తిప్పుకుంది.

అప్పుడు తమ్ముడు బొటనవేలికి ఉన్న వల తీసి పక్కన పెట్టాడు.

"గొయ్యి ఒకటి కాదు బాబూ. రెండు. మొదటిది నిండిపోతే రెండోది మా అమ్మా నానూ తవ్వినాం. నాను సిన్నోణ్ణి, కొబ్బరి సిప్పతో తవ్వినాను. నా కాలు అందులో దిగబడిపోతే అమ్మ పైకి లాగి రెండు దెబ్బలేసింది."

ఆవిడ గబుక్కున తమ్ముడి వైపు తిరిగింది. "అవునొరే! రెండు!"

"మొన్న నేను వచ్చినప్పుడు చెప్పలేదేం?" అన్నాను. నా గొంతు కాస్త పెరిగే ఉంటుంది.

"నువ్వు అక్కని అడిగినావు. నన్ను అడగనేదు గదా."

రెండడుగుల దూరంలో కూర్చున్న మనిషి కోసం నేను గాజువాక దాకా తిరిగాను. ఇద్దరి చేతా వేలిముద్రలు వేయించుకుని అక్కడి నుంచే ఫోన్ చేశాను.

"మళ్ళీ ఏమిటి మాస్టారూ?"

"సాక్షులు ఇద్దరయ్యారు. గోతులు కూడా రెండయ్యాయి. రాసుకోండి."

ఆయన నిట్టూర్చడం స్పష్టంగా వినిపించింది. "కవర్ సంగతి?"

"చేప వద్దు. గంప వేయించండి. అమ్ముడుపోకుండా తిరిగొచ్చిన నిండు గంప." అది ఆయనకి నచ్చినట్టే ఉంది. వేయిస్తానన్నారు. సంతకం చేశాను.

మూడు నెలలకి పుస్తకాల కట్ట వచ్చింది. తాడు విప్పి చూశాను. కవర్ మీద గంప ఉంది, నిండుగానే ఉంది. కానీ అన్నిటికన్నా పైనున్న చేప తోక ఎత్తి, కళ్ళు మెరిపిస్తూ గాల్లోకి ఎగురుతోంది. ఆ ఆర్టిస్టు చేతిలో ఆ చేప చావనని మొండికేసింది. అరవడానికి ఎడిటరుగారికి ఫోన్ చేస్తే, మొదటిసారి, ఆయన ఎత్తలేదు.

మొదటి ప్రతి ఆవిడకే తీసుకెళ్ళాను. తమ్ముడు వల వదిలి వచ్చి వెనక నిలబడ్డాడు. ఆవిడ కవర్ని దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

"ఇది బతికున్నట్టుందే బాబూ," అంది.

"నేను వద్దన్నాను పెద్దమ్మా. వినలేదు."

నేను పుస్తకం అందుకుని రెండు వందల పన్నెండో పేజీ తీశాను. ఆవిడ చెయ్యి చాపి, పుస్తకం నా చేతుల్లో ఉండగానే కింద నుంచి కవర్ మీది ఆ చేపని అరచేత్తో కప్పి పట్టుకుంది.

"మా అయ్య అన్న మాటొకటుంది గదా," అంది. "అక్కణ్ణుంచి సదువు."