జనవరిలో కొన్న కారు

దేవకుమార్ మాస్టారికి కారు నడపడం రాదు. అయినా న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరి తెలుగువాళ్ళలో కార్ల గురించి ఆయనంత మాట్లాడినవాళ్ళు మరొకరు లేరు. లైసెన్సు కోసం రోడ్ టెస్ట్‌కి రెండుసార్లు వెళ్ళారు, రెండుసార్లూ పార్కింగ్ దగ్గర తప్పారు. మూడోసారి రమ్మంటే "ఈ వయసులో నాకు పరీక్షలేమిటి" అని ఊరుకున్నారు. అప్పటినుంచి భార్య జ్ఞానమ్మ నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని బ్రేకు ఎప్పుడు వెయ్యాలో, లేన్ ఎప్పుడు మారాలో చెప్పడమే ఆయన పని. ఆవిడ విని ఊఁ కొట్టేది, తనకు తోచినట్టు నడిపేది.

భీమవరంలో ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. అక్కడ మాస్టారంటే మాస్టారే. ఆయన బజారులో నడిచివస్తుంటే సైకిళ్ళ మీద వెళ్ళే కుర్రాళ్ళు దిగి నిలబడేవారు. జ్ఞానమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సు. నర్సులకు అమెరికాలో గిరాకీ ఉన్న రోజుల్లో, 2003లో, ఆవిడకు న్యూజెర్సీలో వృద్ధులను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం వచ్చింది. కూతురు క్రిస్టీకి మంచి స్కూలు దొరికింది. మాస్టారికి దొరికింది ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక ఇండియన్ గ్రోసరీలో బిల్లింగ్ కౌంటరు.

పెద్ద పెద్ద లెక్కలు నోటితో కట్టే మనిషికి అక్కడ మెషీనే అన్నీ కూడి చూపించేది. బియ్యం బస్తాలు, కందిపప్పు ప్యాకెట్లు ఒకటొకటిగా దాని ముందు తిప్పి సంచిలో సర్దడమే ఆయన వంతు. "అంకుల్, కరివేపాకు అయిపోయిందా?" అని పిల్లలు అడిగేవారు. నొచ్చుకున్నారా అంటే, చాలా నొచ్చుకున్నారు. ఎవరితోనూ అనలేదు. ఇంట్లో ఏది కొనాలన్నా, ఏ బ్యాంకులో వెయ్యాలన్నా "నీకు తెలుసుగా, నువ్వే చూడు" అని భార్యకి వదిలేయడం మాత్రం అప్పటినుంచే మొదలైంది.

ఒక్క కారు విషయంలో వదల్లేదు.

2005 నవంబరు నాటికి కొత్త కారు కొనడానికి సరిపడా కూడబెట్టారు. జ్ఞానమ్మ బస్సులో డ్యూటీకి వెళ్ళివస్తోంది, చలి ముదురుతోంది. "ఈ శనివారం వెళ్దామండీ" అంది. మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"ఆగు జ్ఞానం. జనవరి రానియ్. ఇప్పుడు కొంటే నెల తిరిగేసరికి పోయిన ఏడాది బండి అయిపోతుంది. రేపు అమ్మబోతే ఎవడడుగుతాడు?"

దానికి వెనక ఒక పాత గాయం ఉంది. భీమవరంలో ఒకసారి క్రిస్మస్ వారంలో ఆయన స్కూటరు కొన్నారు. కొన్నాళ్ళకి అమ్మబోతే, కొనడానికొచ్చినవాడు కాగితాలు చూసి "పాత సంవత్సరం బండి మాస్టారూ" అని ధర తెగ్గోశాడు. వారం ఆగి ఉంటే అదే స్కూటరు ఒక ఏడాది చిన్నదయ్యేది. లెక్కల మాస్టారికి ఆ దెబ్బ తగలరాని చోట తగిలింది. అందుకే అమెరికాలో తొలి కారు దగ్గర పట్టుబట్టారు. వచ్చాక ఇది ఇలా చేద్దాం అని ఆయన గట్టిగా చెప్పిన మొదటి మాట అదే.

జ్ఞానమ్మ ఆ డిసెంబరంతా బస్‌స్టాప్‌లో నిలబడింది. యూనిఫాం మీద కోటు, దాని మీద మాస్టారి మఫ్లరు. ఒకసారి ఐసు మీద జారి అరచేతులు చెక్కుకుపోయాయి. పేషెంట్లకు వేసే పట్టీయే తన చేతికీ వేసుకుని ఇంటికొచ్చింది.

జనవరి మొదటివారంలో షోరూముకి వెళ్ళారు. వెనక వరసలో మంచు కప్పుకుని ఉన్న ఒక వెండిరంగు కారు చూపించి, అక్కడి కుర్రవాడు ఇంగ్లీషులో ఉన్నమాట చెప్పాడు. ఇది లాస్ట్ ఇయర్ మోడల్ సర్, అందుకే ఇంత తగ్గించి ఇస్తున్నాం అని. మాస్టారికి నవ్వొచ్చింది. కొత్త సంవత్సరం వచ్చి వారం కాలేదు, షోరూములో ఉన్నవన్నీ పోయిన ఏడాదివి కాక ఇంకెప్పటివి! "పిచ్చోడు, చూసుకోవట్లేదు. కాగితాలు జనవరివి పడతాయి. డిస్కౌంటుకి డిస్కౌంటు, ఏడాదికి ఏడాది" అని భార్య చెవిలో తెలుగులో చెప్పి, తీసేసుకుందామన్నారు.

పాపం, ఆయనకు తెలియనిది ఒక్కటే. ఈ దేశంలో కారు వయసు కొన్న తారీఖునుంచి లెక్కపెట్టరు. ఆకులు రాలే రోజులకే రాబోయే ఏడాది మోడళ్ళు షోరూములకి వచ్చేస్తాయి. ఆ కారు పుట్టింది 2005 మోడల్‌గా. దాన్ని 2006 జనవరిలో కొన్నా, పెట్టెలో పెట్టి దాచుకుని పదేళ్ళకు బయటికి తీసినా అది 2005 మోడలే. మనవాళ్ళ లెక్క ప్రకారం ఏడాది మిగిలిందనుకున్న చోట ఆయన ఏడాది పోగొట్టుకున్నారు.

ఆ ఆదివారం మందిరంలో, దేవుడు తమకు చేసిన మేలు లేచి నలుగురికీ చెప్పుకునే సాక్ష్యాల సమయం. అమెరికన్ల చర్చి హాలు మధ్యాహ్నం పూట అద్దెకు తీసుకుని జరుపుకునే తెలుగు ఆరాధన అది. సాక్ష్యం చెప్పడమంటే జ్ఞానమ్మకి ప్రాణం. లేచి నిలబడి, దేవుడు తమను ఓపిక పట్టించి, కొత్త సంవత్సరంలో కొత్త సంవత్సరపు కారే ఇచ్చాడని, అది తన భర్త వివేకం ద్వారా జరిగిందని చెప్పింది. అందరూ వెనక్కి తిరిగి మాస్టారిని చూశారు. చివరి వరసలో ఆయన తలవంచుకుని కూర్చున్నారు గానీ, ఆ సంతోషం దాచుకోలేకపోయారు.

అక్కడినుంచి ఆయన కార్ల మాస్టారైపోయారు. మాస్టర్స్ చదవడానికొచ్చిన పిల్లలు, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కౌంటరు దగ్గర నిలబడి "అంకుల్, కారెప్పుడు కొనాలి?" అని అడిగేవారు. సంచిలో ఉల్లిపాయలు సర్దుతూనే ఆయన పాఠం మొదలుపెట్టేవారు. "జనవరి! నీది హెచ్-వన్ వీసా కదా? ఎప్పుడు సర్దుకుని వెళ్ళాల్సొస్తుందో తెలీనివాడివి, రీసేలే, తిరిగి అమ్మితే వచ్చే ధరే నీకు ముఖ్యం. జనవరికి ముందు షోరూము గడప తొక్కకు." వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. రీసేల్ అంకుల్ అని వాళ్ళు పెట్టిన పేరు ఆయన చెవినపడింది. పడ్డా ఆయనకు కోపం రాలేదు.

ఒక్కటే ఆయనకు వెలితి. మొదటిసారి తర్వాత జ్ఞానమ్మ ఆ కారు సాక్ష్యం మళ్ళీ చెప్పలేదు. మందిరం వార్షికోత్సవానికి పాస్టరుగారు అడిగినా లేచి క్రిస్టీ చదువు గురించి చెప్పి కూర్చుంది. "కారు సంగతి చెప్పొచ్చుగా" అని మాస్టారు మోచేత్తో పొడిచినా విననట్టే ఉంది.

2009 అక్టోబరుకి జ్ఞానమ్మ మోకాళ్ళు మొరాయించాయి. ఏళ్ళ తరబడి పేషెంట్లను ఎత్తి దించిన మోకాళ్ళు. కిందికి ఉండే ఆ కారులో కూర్చోవడం, లేవడం కష్టమైపోయింది. అది అమ్మి కాస్త ఎత్తుగా ఉండేది కొనాలనుకున్నారు. బేరం మాస్టారే పెట్టారు. కొనడానికి వచ్చింది రఘువీర్ అని వరంగల్ కుర్రవాడు, ఈమధ్యే చదువు ముగించి ఉద్యోగంలో చేరాడు. కారు చూసి ముచ్చటపడి, బండి నంబరు రాసుకుని వెళ్ళాడు. సాయంత్రం ఫోన్ చేశాడు.

"అంకుల్, ఏమనుకోకండి. నంబర్ వెబ్‌సైట్ల కొట్టి చూసిన. ఇది 2005 మోడల్ అని వస్తున్నది. మీరు 2006 అన్నరు కదా."

మాస్టారు వాదించారు. జనవరిలో కొన్నామన్నారు, కాగితాలన్నారు. ఆ కుర్రవాడు ఎక్కడా గొంతు పెంచకుండా అంతా విడమరిచి చెప్పాడు. "పదేండ్లు ఉంచుకునేటోళ్ళకి అట్ల కొంటే లాభమే అంకుల్. మూడు నాలుగేండ్లల్ల అమ్మేటోళ్ళకే దెబ్బ. మోడల్ ఇయర్ చూసే కదా ఎవరైనా ధర కట్టేది." మీరు అడిగిన ధర ఇవ్వలేను గానీ 2005కి న్యాయంగా ఎంతవుతుందో అంత ఇస్తానన్నాడు.

ఫోన్ పెట్టేశాక మాస్టారికి తన కారు గుర్తు రాలేదు. మూడు నాలుగేళ్ళలో అమ్మేవాళ్ళకే దెబ్బ! తను సలహా ఇచ్చిందంతా అలాంటివాళ్ళకే. ఆర్థికమాంద్యంలో ఎంతమంది ఉద్యోగాలు పోయి ఉన్నపళంగా కార్లు అమ్ముకుని వెళ్ళిపోయారో ఆయన కౌంటరు దగ్గర నిలబడి చూసినవారే. తప్పు లెక్క చెప్పి పిల్లల్ని పరీక్షకి పంపినట్టయింది. ఎవరి ముఖం ఎలా చూడాలో తెలియక ఆ రాత్రి అన్నం సహించలేదు. జ్ఞానమ్మ అడిగితే అజీర్ణం అన్నారు.

ఆదివారం ఆరాధన అవగానే పార్కింగ్‌లో జగదీష్‌ని పట్టుకున్నారు. 2008 జనవరిలో తన మాట మీదే కారు కొన్న సాఫ్ట్‌వేర్ కుర్రవాడు.

"జగదీష్, నన్ను క్షమించాలయ్యా. నీకు తప్పు చెప్పాను. నువ్వు కొన్నది 2007 మోడల్ అయ్యుంటుంది."

"లేదంకుల్, మాది 2008 మోడలే. ఆంటీ చెప్పారుగా."

"ఏ ఆంటీ?"

"మన ఆంటీయే. మీరు చెప్పిన రోజే ఫోన్ చేశారు. అంకుల్ చెప్పినట్టు జనవరిలోనే కొనుక్కోండి, కానీ ఏ సంవత్సరం మోడలో అడిగి మరీ తీసుకోండి అన్నారు. అందరికీ చేస్తారంట కదా..." జగదీష్ నాలుక్కరుచుకున్నాడు. "అయ్యో, మీకు చెప్పొద్దన్నారంకుల్."

ఇంటికి వెళ్ళే దారిలో మాస్టారు బ్రేకు గురించి గానీ లేన్ గురించి గానీ ఒక్క మాట అనలేదు. రెండు సిగ్నళ్ళు దాటాక జ్ఞానమ్మ పక్కకి చూసింది.

"ఏంటండీ, ఇవాళ నాకేమీ చెప్పట్లేదు?"

"నీకు చెప్పడానికేముంది. అన్నీ తెలిసినదానివి. జగదీష్ చెప్పాడు."

మూసి ఉన్న ఒక షాపు ముందుకి ఆవిడ కారును తీసుకెళ్ళి ఆపింది. ఇంజన్ ఆపలేదు.

"ఎప్పుడు తెలిసింది?" అన్నారాయన.

"కొన్న ఏడాది ఏప్రిల్లోనే. ఆయిల్ మార్పించడానికి వెళ్తే అక్కడి అబ్బాయి 2005 అన్నాడు. కాదు పొమ్మని పోట్లాడాను. పాపం స్క్రీన్ తిప్పి చూపించాడు."

"క్రిస్టీకి తెలుసా?"

"ఆ రోజు అదీ నాతోనే ఉంది."

"అంటే అందరూ వెనకాల నవ్వుకున్నారన్నమాట, నేనొక్కణ్ణే..."

"ఎవరూ నవ్వలేదు." జ్ఞానమ్మ గొంతు గట్టిపడింది. "మీరు ఆ కౌంటర్లో పొద్దంతా నిలబడి వచ్చి, కాళ్ళు పట్టుకుని కూర్చునేవారు. ఎలా ఉందండీ అంటే బాగుందనేవారు. కారు గురించి ఎవరైనా అడిగిన రోజున మాత్రం మాస్టారులా వచ్చేవారు ఇంటికి. వాళ్ళకేం చెప్పారో నాకంతా మళ్ళీ చెప్పేవారు, బోర్డు ముందు నిలబడి చెప్పినట్టు. అది నా చేత్తో నేనెలా తీసెయ్యనండీ? పిల్లలు నష్టపోకూడదు, అందుకని ఫోన్లు చేశాను."

"మరి సాక్ష్యం..."

"దేవుడి ఎదుట అబద్ధం చెప్పలేను. నలుగురిలో మిమ్మల్ని తక్కువ చెయ్యలేను. అందుకే ఆ మాట ఎత్తడం మానేశాను."

మాస్టారికి ఏడుపొచ్చింది. సిగ్గుతోనా, ఇంకెందుకోనా అన్నది ఆయనకే తెలియలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ డిసెంబరంతా నిన్ను మంచులో నిలబెట్టాను జ్ఞానం."

"నిలబెట్టారు" అంది ఆవిడ. "కాదని ఎవరన్నారు?" అని నవ్వేసింది. కారు మళ్ళీ రోడ్డెక్కింది.

వెండిరంగు కారు న్యాయమైన ధరకే రఘువీర్ తీసుకెళ్ళాడు. తరువాతి శనివారం మాస్టారు, జ్ఞానమ్మ షోరూముకి వెళ్ళారు. ఒకే రంగు, ఒకే ఎత్తు కార్లు రెండు బయట పక్కపక్కన ఉన్నాయి. ఒకటి 2009ది, బాగా తగ్గించి ఇస్తున్నారు. ఇంకొకటి కొత్తగా వచ్చిన 2010ది. వీళ్ళు ఈసారి ఎన్నాళ్ళు ఉంచుకుంటారన్నదాన్ని బట్టి తేల్చుకోవాల్సిన లెక్క అది. జ్ఞానమ్మ రెండింటి చుట్టూ తిరిగి, డోరు తీసి కూర్చుని లేచి చూసి, అలవాటుగా ఆయన దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏది తీసుకుందామంటారు?"

మాస్టారు రెండు కార్ల వైపూ చూశారు. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నోట రాని మాట అప్పుడు వచ్చింది.

"నాకు తెలీదు జ్ఞానం."

ఆవిడ ఒక క్షణం ఆయన ముఖంలోకి చూసింది. హ్యాండ్‌బ్యాగ్ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నాకూ తెలీదండీ. పదండి, ఎవరినైనా అడుగుదాం" అంది.

ఆవిడకు తెలుసని ఆయనకు తెలుసు. మోకాలి నొప్పితో ఆవిడ మెల్లగా నడుస్తుంటే, ఆ అడుగులకు తగ్గట్టే నడుస్తూ ఆయన కూడా అడగడానికి లోపలికి వెళ్ళారు.