బొమ్మను దాటని అక్క

నాకు చూపు లేదు. తమిళనాడులోని ధర్మపురి కాలేజీలో ఎకనామిక్స్ పరీక్ష తప్పితే చదువు మాన్పిస్తానన్నాడు నాన్న. ఎదురింటి టైపిస్టు అక్క పాఠాలన్నీ క్యాసెట్లలో చదివి ఇచ్చేది. నాకు చదివిపెట్టే మిగతావాళ్లు పుస్తకంలో బొమ్మ రాగానే పేజీ తిప్పేసేవారు. ఆమె అక్కడే ఆగి, ఇంగ్లీషు వదిలి తెలుగులోకి దిగి, ఆ బొమ్మ ఎట్లుందో చెప్పేది.

"గుడ్డిదానికి బొమ్మలెందుకక్కా? ఎగతాళా?" అని దెబ్బలాడాను.

"నోరు మూసుకొని విను పాపా. తీర్థమలై గుడికొండ మెట్లు దిగినావు కదా? డిమాండు గీత అట్లే, ఎడమపక్క పైనుంచి కుడిపక్క కిందికి దిగుతుంది."

పరీక్షలో ఆ బొమ్మే అడిగారు. నా జవాబులు రాసే అమ్మాయి, "దీన్ని వదిలేద్దామాక్కా?" అంది.

"ఎందుకు వదలాల? నేను చెప్తా, నువ్వు గీయి" అన్నాను.

పాసయ్యాను. వాదనలో నన్ను ఓడించినవాళ్లను నేను తేలిగ్గా క్షమించను. ఆమెకు మాత్రం ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.