చెవికి గాటు, మూతకు పిచ్చుక

ఒక ల్యాప్‌టాప్ మీద ప్రేమకొద్దీ నేను మా చెల్లెలి చేత బెంగుళూరులో ఇటుకలు మోయించబోయిన కథ ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు, మీరూ కలిస్తే వాళ్లకు తోడుగా ఉంటుంది.

ముందు ఆ ల్యాప్‌టాప్ సంగతి చెప్పాలి. మార్కాపురంలో డిగ్రీ చదివేటప్పుడు నాయన పొట్టేళ్లను అమ్మి కొనిచ్చాడు. దుకాణంలో ఉన్నవాటిలో అదే చవక. కంపెనీ పేరు చెప్పను. మూత మీద చెక్కినట్టు ఒక పిచ్చుక బొమ్మ ఉండేది కాబట్టి మా ఊళ్లో దాన్ని పిచ్చుక అనేవాళ్లు. ఆ పిచ్చుక రాచర్ల రోడ్డు మీద ఆటోలోంచి జారిపడింది. ఒకసారి గ్లాసెడు మజ్జిగ తాగింది. దాని ఛార్జరు వైరును మా మేక నమిలితే మేకకు జబ్బు చేసింది గానీ, వైరు మాత్రం టేపు చుట్టించుకుని బతికింది. దాని మీదే చదివాను, దాని మీదే అప్లికేషన్లు పెట్టాను, చివరికి గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరునయ్యాను. బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయినా, వైరు తగిలిస్తే చాలు, పిలిస్తే పలికినట్టు లేచేది. దసరాకు దానికి బొట్టు పెట్టేదాన్నంటే మీరు నమ్మరు. నమ్మకపోతే పోనివ్వండి, పెట్టేదాన్ని.

నాయన గురించి కూడా కొంచెం చెప్పాలి. ఆయనకు గొర్రెల మంద ఉండేది. ఎవరి గొర్రెలో తెలియడానికి మా వైపు చెవికి గాటు పెడతారు. మాది ఎడమ చెవి కొసన గాటు. ఆ గాటున్న గొర్రె కనిపిస్తే సంతలో దాని నోరు తెరిచి పళ్లు కూడా చూడకుండా కొనేవాళ్లు. మోకాళ్లు మొరాయించాక నాయన మందను పక్క ఊరాయనకు అమ్మేసి, రెండు గొర్రెల్ని మాత్రం ఇంటి దగ్గర ఉంచుకున్నాడు. కొన్నాయన ఘనుడు. ఎక్కడెక్కడి గొర్రెల్నో తెచ్చి, వాటికీ మా గాటే పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు.

ఒకరోజు కొనకనమిట్ల నుంచి ఒక రైతు వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చి, "నీ గాటు చూసి కొంటి మామా. తెచ్చినకాడ్నుంచి దగ్గుతానే ఉండాయి" అని కూర్చున్నాడు. నాయన ఉన్న రెంటిలో ఒకదాన్ని విప్పి ఆయన చేతికిచ్చాడు. మంద అమ్మేశాక మనకేం సంబంధమని నేను గొడవపడితే, "గాటు నాది కదమ్మా" అన్నాడు. నేను మాత్రం ఆ రైతును తలుచుకుని చాలా రోజులు నవ్వాను. చెవి చూసి గొర్రెను కొనే మనుషులు కూడా ఉంటారా అని మా స్కూల్లో అందరికీ చెప్పాను. ఈ నవ్వును కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక సుజాత. మా పిన్ని కూతురు, అర్ధవీడులో ఉంటుంది. మొగుడు శీను బెంగుళూరులో బిల్డింగుల పనికి పోయాడు. ఒక్కడి కూలితో గడవక, తననూ రమ్మన్నాడు. వెళ్తే పాలు మరిచీ మరవని బిడ్డను అత్త దగ్గర వదలాలి. సరిగ్గా అప్పుడే దానికి ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి తగిలింది. ఏదో ఆన్‌లైన్ కంపెనీకి ఫిర్యాదులు పంపేవాళ్లకు తెలుగులో జవాబులు రాయాలి. సొంత ల్యాప్‌టాప్ ఉండాలి, వీడియోలో ఇంటర్వ్యూ. అది వస్తే బిడ్డ దగ్గర ఉంటుంది, రాకపోతే బస్సెక్కుతుంది. "నాకేం తెల్దక్కా. నువ్వు ఏది కొనమంటే అది కొంటా" అంది ఫోన్లో. కంప్యూటర్ టీచరుకు ఇంతకన్నా ఏం కావాలి? నేను గాల్లో తేలిపోయాను.

మార్కాపురంలో మస్తాన్ భాయ్ దుకాణానికి సుజాత, నేను, నాయన కలిసి వెళ్లాం. పిచ్చుక కావాలన్నాను. ఆయన ఇంకేదో కంపెనీది తీసి ముందు పెట్టాడు.

"పిచ్చుక వద్దు తల్లీ. ఆ కంపెనీ చేతులు మారినాది. కొత్తోళ్లు పేరొక్కటే కొన్నారు" అన్నాడు.

ఇంకో కంపెనీ వాళ్లు ఈయనకు ఎక్కువ కమిషన్ ఇస్తున్నారని నాకు వెంటనే అర్థమైపోయింది. ఆటోలోంచి పడటం, మజ్జిగ, మేక, అన్నీ వరుసగా ఆయనకు వినిపించాను. ఆయన ఓపికగా విని, అవన్నీ పాతదాని సంగతులని గొణిగాడు. నాయన కూడా నా వైపే. "మా బిడ్డకు కూడు పెట్టింది ఆ పిచ్చుకే భాయ్. అదే ఇయ్యి" అన్నాడు. సుజాత బిక్కమొహంతో ఇద్దరినీ మార్చి మార్చి చూస్తుంటే నేను దాని భుజం తట్టి, దుకాణమంతా వినేలా, "దీనికి పూచీ నాది" అన్నాను.

అదే కొన్నాం. ముందు ఎగిరిపోయింది పిచ్చుకే. పాతదాని మీద చెక్కిన బొమ్మ కదా, కొత్తదాని మీద అంటించినది. సుజాత పైట కొంగుతో తుడిస్తే ఊడి కొంగుకు అంటుకుంది. తర్వాత ఫ్యాను బోరు మోటారులా అరవడం మొదలుపెట్టింది. కొత్తది కదా, సర్దుకుంటుందని ఫోన్లో ధైర్యం చెప్పాను. ఇంటర్వ్యూ రోజు స్వయంగా అర్ధవీడు బయలుదేరాను. పాత పిచ్చుకను కూడా సంచిలో పెట్టుకున్నాను. ఉద్యోగం వచ్చాక రెంటినీ పక్కపక్కన పెట్టి ఫోటో తీయాలని నా ఆశ.

ఇంటర్వ్యూకు కాస్త ముందు మూత బందు విరిగింది. మూత నిలబడదు, వదిలితే వెనక్కి పడిపోతుంది. సుజాత అత్త ముందుకొచ్చి, బల్ల వెనక కూర్చుని రెండు చేతులతో మూతను పట్టుకుంది. బిడ్డ నా చంకలో ఉంది. అటువైపు మేడం పలకరించి, కాసేపు మాట్లాడి, ఉన్నట్టుండి ఆగింది. తెర మీద ఎవరివో వేళ్లు కనిపిస్తున్నాయని, వెనకనుంచి ఎవరైనా జవాబులు అందిస్తున్నారా అని అడిగింది.

"లేదు మేడం. ఆమె మా అత్తమ్మ. మూత నిలబడకుంటే పట్టుకోనుంది" అంది సుజాత, ఉన్నదున్నట్టు.

మేడం నవ్వింది. అత్త కూడా మర్యాదకు తల పైకెత్తి నవ్వింది. సరిగ్గా అప్పుడే కొత్త పిచ్చుక కన్ను మూసింది. ఎన్నిసార్లు మీట నొక్కినా లేవలేదు.

 సుజాత నా చంకలోంచి బిడ్డను తీసుకుని గుండెకు హత్తుకుంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కొనకనమిట్ల రైతు మా అరుగు మీద కూర్చున్నది అప్పుడు గుర్తొచ్చింది. ఆయన చెవి చూశాడు, నేను మూత చూశాను. ఆయనన్నా తన డబ్బుతో కొన్నాడు.

సంచిలోంచి ముసలి పిచ్చుకను తీసి, టేపు చుట్టిన వైరు తగిలించాను. అది నెమ్మదిగా, చాలా నెమ్మదిగా లేచింది. సుజాత ఈలోపు ఫోన్ చేసి బతిమాలితే, మేడం మళ్లీ వీడియోలోకి రమ్మంది. ఈసారి మూత ఎవరూ పట్టుకోకుండానే నిలబడింది. అయినా అత్తకు నమ్మకం చాలక ఇంటర్వ్యూ అయ్యేదాకా బల్ల వెనకే కూర్చుంది.

ఉద్యోగం వచ్చింది. అబద్ధం చెప్పకుండా అత్తను చూపించింది చూడండి, అదే మేడంకు నచ్చిందట.

నేను చిన్నబోయిన మొహంతో, బందు విరిగిన కొత్త పిచ్చుకతో ఇంటికొచ్చాను. నాయన సంచిలోకి తొంగి చూసి, "నీ పాత పిచ్చుక ఏదమ్మా?" అన్నాడు.

"సుజాతకే ఇచ్చేసినా నాయనా. పూచీ నాది కదా."

నాయన దగ్గరకు వచ్చి నా ఎడమ చెవి తడిమి చూసి, తర్వాత తన చెవి తడుముకున్నాడు.

"ఆ కొనకనమిట్లాయన్ను చూసి నువ్వు నవ్వితివి. ఈ తూరి గాటు మనిద్దరి చెవులకే పడినాది" అన్నాడు.

ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. నావి కొన్ని నవ్వువి కావు.

మొన్న సుజాత ఫోన్ చేసింది. శీను తిరిగొచ్చి గిద్దలూరులో పని చూసుకున్నాడట, శీను తమ్ముడికి ల్యాప్‌టాప్ కావాలట. "మస్తాన్ భాయ్ చెప్పినాడక్కా, పిచ్చుక కంపెనీ మళ్లా చేతులు మారిందంట. ఇప్పుడొచ్చేవి గట్టిగా ఉండాయంట. ఏమంటావు?" అంది. "నేను ముందే చెప్పానా, పిచ్చుక మంచిదని" అనబోయి, నాలుక కరుచుకున్నాను.

కాబట్టి, గాటు పడిన నా ఎడమ చెవి పట్టుకుని మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. మూత మీద పిచ్చుక ఉన్నా, నెమలి ఉన్నా, సాక్షాత్తు గరుత్మంతుడే రెక్కలు విప్పి కూర్చున్నా, ఈ జన్మలో ఇక ఏ కంపెనీకీ పూచీ పడను. ఆ ముసలి పిచ్చుక ఒక్కదానికి మాత్రం పడతాను. అది ఇప్పుడు అర్ధవీడులో ఉద్యోగం చేసుకుంటోంది.