ఎర్ర సున్నా చుట్టిన ‘పర్లేదు’

తడిసిన కొబ్బరిపొట్టు వాసన తగిలితే నా కాళ్ళు ముందుకు కదలవు. ఇవాళ కడియంలో ఒక నర్సరీకి వెళ్ళి, పాడైన వై-ఫై పెట్టె తీసేసి కొత్తది బిగించి, ఫోన్లో వేగం చూసుకుని, “ఎలా ఉందండీ ఇప్పుడు?” అని అడిగాను. నర్సరీ నడిపే రత్నంగారు చెంగుతో చేతులు తుడుచుకుంటూ “పర్లేదండి” అన్నారు. సరిగ్గా అప్పుడే పనివాళ్ళు మొక్కలకు నీళ్ళు పట్టడం మొదలుపెట్టారు. కుండీల్లోంచి ఆ వాసన లేచింది. భుజానికి తగిలించుకున్న సంచి మళ్ళీ దించి, అక్కడే ఉన్న బల్ల మీద కూర్చున్నాను. రత్నంగారు నవ్వేశారు. “అయితే టీ పెట్టించాల్సిందే. మీ మాస్టారూ ఇంతే కదా, పర్లేదంటే లేచేవారు కాదు” అన్నారు.

మాస్టారంటే బడిపంతులు కాదు. ఆయన పేరు సూరిబాబుగారు. రాజమండ్రి తాడితోటలో ఒక మందుల కొట్టు మేడమీద ఒంటిగది ఆయన ఆఫీసు. బట్టల కొట్లకీ, హోటళ్ళకీ, రైసుమిల్లులకీ, నర్సరీలకీ ఫోన్లూ ఇంటర్‌కమ్‌లూ, తర్వాతి రోజుల్లో వై-ఫైలూ వాళ్ళ చోటికే వెళ్ళి బాగుచేసే పని ఆయనది. కుర్రతనంలో స్తంభాలెక్కి తీగలు లాగారట. చెవి మీద ఆధారపడి బతికిన మనిషి. ఆ చెవే పోతోందని ఆయన పక్కనే పనిచేసిన నాకు రెండేళ్ళపాటు తెలియలేదు. తెలియలేదనడం కూడా అబద్ధమే. ఆయన చెప్పారు, నేను వినిపించుకోలేదు. ఆ సంగతి రాయాలనే కూర్చున్నాను.

డిప్లొమా చేతపట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతూ ఆయన మేడమెట్లెక్కాను. మార్కులు అడగలేదు. బల్లమీది ఫోన్ రిసీవరు నా చేతికిచ్చి, “ఏం వినపడుతోందమ్మా?” అన్నారు. డయల్ టోనండి, అన్నాను. “దాని కింద?” అన్నారు. డయల్ టోను కింద ఏముంటుందో నాకు అర్థం కాలేదు. ఆయన రిసీవరు తీసుకుని ఎడమ చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నారు. “సన్నగా జుయ్యిమంటోంది. ఎక్కడో తీగ తడిసింది” అన్నారు. ఇద్దరం మెట్లు దిగి చూస్తే, మందుల కొట్టు ఏసీ నీళ్ళు బొట్టుబొట్టుగా తీగ అతుకు మీదే పడుతున్నాయి. “ఆడపిల్లవి, ఎండలో కొట్ల చుట్టూ తిరగగలవా అని నేనడగను. వినగలవా?” అన్నారు. వినగలనండి, అన్నాను. ఉద్యోగం కావాలి కదా, ఏదడిగినా గలననే అంటాను.

ఆయన దగ్గర ఒక పొడుగాటి ఫిర్యాదుల పుస్తకం ఉండేది. ఒక్కో వరుసలో నాలుగు గళ్ళు. పేరు, ఫిర్యాదు, చూసినవారు, చివరి మాట. ఆ ఆఖరి గడి ఆయన సొంత ఆలోచన. పని అయ్యాక ఎలా ఉందని మనం అడిగితే అవతలివాళ్ళు ఏమంటారో, ఆ మాట ఉన్నదున్నట్టు అందులో రాయాలి. ‘బాగుంది’ అని వస్తే ఆ వరుస కొట్టేస్తారు. ‘పర్లేదు’ అని వస్తే దాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, మర్నాటి పేజీలో మొదటి వరుసగా మళ్ళీ ఎక్కిస్తారు. వాళ్ళు బాగుందనేదాకా రోజూ అలా ఎక్కించాల్సిందే.

“పర్లేదంటే ఫరవాలేదనే కదండీ?” అన్నాను మొదటిరోజు.

“మన గోదారోళ్ళ సంగతి నీకు తెలీదేంటమ్మా? వండిపెట్టినావిడ ఎదురుగా కూర బాలేదంటామా? అనం. పర్లేదండి అంటాం. పనిచేసినోడి ఎదురుగానూ అంతే. మొహమాటం. బాగుందంటే బాగున్నట్టు, పర్లేదంటే పాడైనట్టు. అదీ లెక్క. అయినా బాగుందని మనం చెప్పుకోవడం కాదు, వాళ్ళ నోటంట రావాలి.”

చాదస్తం అనుకున్నాను. పైకి మాత్రం “ఆయ్, అలాగేనండి” అన్నాను. అదీ మొహమాటమేనని అప్పుడు తట్టలేదు.

రత్నంగారు నర్సరీ పెట్టిన మొదటి ఏడాది అది. ముందు రోడ్డు పక్కన కౌంటరు, బాగా వెనకాల రేకుల షెడ్డు. షెడ్డులో సెల్ సిగ్నల్ అందదు. మధ్యలో లారీలు తిరుగుతాయి కాబట్టి తీగ లాగడానికి లేదు. అందుకని రెండు చోట్లా చెరో పెట్టె బిగించి, ఎదురెదురుగా తిప్పి, గాలిలోనే కలిపాను. ఆవిడ షెడ్డులో కూర్చుని మాట్లాడే ఫోన్లన్నీ దాని మీదే నడవాలి. వారం తిరక్కుండా మాట తెగిపోతోందని ఫిర్యాదు వచ్చింది. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ పొద్దున పదింటికే. వెళ్ళినప్పుడల్లా ఫోన్లో సిగ్నల్ గీతలు నిండుగానే కనపడేవి. మూడోసారి ఆవిడ “పర్లేదండి” అన్నారు. ఆఫీసుకొచ్చి పుస్తకంలో ‘బాగుంది’ అని రాసి వరుస కొట్టేశాను. ఎండలో మూడుసార్లు తిరిగినదాన్ని, ఒక్క మాట మారిస్తే కొంపలేం మునిగాయి అనుకున్నాను.

కొన్నాళ్ళకి మాస్టారు పుస్తకం తిరగేస్తూ, “రత్నంగారు బాగుందన్నారా?” అని అడిగారు.

“అన్నారండి.”

“ఆ మాటే అన్నారా?”

నేను సంచిలో సామాను సర్దడం మొదలుపెట్టాను. “పద” అని స్కూటరు తాళం తీసుకున్నారు.

నర్సరీలో ఆయన పెట్టె జోలికే వెళ్ళలేదు. మమ్మల్ని చూడగానే రత్నంగారు “అయ్యో, పర్లేదండి, ఇంత దూరం మీరెందుకొచ్చారు” అని కుర్చీలు వేయించారు. ఆయన కూర్చున్నారు. అంటు కట్టడం గురించి అడిగారు, మట్టి గురించి అడిగారు, రెండుసార్లు టీ తాగారు. నాకు లోపల మండిపోతోంది. మూడింటికి పనివాళ్ళు నీళ్ళు పట్టడానికి పైపులు తీశారు. అప్పుడు నన్ను కౌంటరు దగ్గరికి పంపి, షెడ్డులోంచి నాకు ఫోన్ చేశారు. నాలుగు మాటలు బాగానే వినిపించాయి. ఐదో మాట సగంలో తెగింది, తర్వాత అసలు ఏమీ లేదు. ఎదురొచ్చి నన్ను మధ్యదారిలో నిలబెట్టి, “నువ్వు బిగించిన నాడు ఇక్కడేం మొక్కలున్నాయి?” అన్నారు. గులాబీలండి, మోకాలెత్తు, అన్నాను. “ఇప్పుడో?” చూశాను. నా కంటే ఎత్తు పామ్ మొక్కలు రెండు బారులు, ఆకుల నిండా నీళ్ళు కారుతూ. పొద్దున పూట ఆరి ఉన్నప్పుడు వాటి సందుల్లోంచి ఎలాగో దూరుతున్న సిగ్నల్, తడిస్తే దూరడం లేదు.

“ఇంట్లో గోడ ఎక్కడిదక్కడే ఉంటుంది. నర్సరీలో గోడలు నడుస్తాయమ్మా. పెరుగుతాయి కూడాను” అన్నారు.

అప్పుడు రత్నంగారు మెల్లిగా బయటపడ్డారు. “పాపం, ఆ అమ్మాయి మూడుసార్లు ఎండలో పడి వచ్చిందండి. మజ్జిగ ఇస్తే కూడా తాక్కుండా పరుగే. మళ్ళీ పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పనండి?” బెంగుళూరు నుంచి లారీడు మొక్కలు కావాలన్నవాళ్ళు సాయంత్రాలు ఫోన్ చేసి, మాట తెగీ తెగీ విసిగిపోయి, పక్క నర్సరీలో కొనుక్కున్నారట. అదీ నవ్వుతూనే చెప్పారు. నాకు సిగ్గేసింది. చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. ఆ సాయంత్రమే రెండు చోట్లా ఇనప గొట్టాలు నిలబెట్టి, పెట్టెల్ని మొక్కల తలల మీదికి ఎత్తాం. మళ్ళీ నీళ్ళు పట్టించి, మళ్ళీ ఫోన్ చేసి చూశాం. “ఇప్పుడు బాగుందండి” అన్నారు రత్నంగారు. రెండు మాటలకీ ఎంత తేడా ఉందో ఆ రోజు నా చెవికి మొదటిసారి తెలిసింది. తిరిగొస్తుంటే మాస్టారు తిట్టలేదు. “వినపడకపోవడం తప్పు కాదమ్మా. విన్నదాన్ని మార్చి రాయడం తప్పు” అన్నారంతే.

బుద్ధి వచ్చిందనుకున్నాను. రెండేళ్ళు గడిచాక ఆ పుస్తకాన్ని మూలపడేసింది నేనే. ఫిర్యాదులన్నీ ఫోన్లో ఎక్కించే యాప్ ఒకటి పెట్టాను. అందులో రెండే మీటలు. పని అయింది, పని కాలేదు. మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “మరి పర్లేదు ఎక్కడ నొక్కాలమ్మా?” అన్నారు. నేను పడీపడీ నవ్వాను. ఆయనా నవ్వారు.

ఆ రోజుల్లోనే ఆయన రిసీవరుని కుడిచెవికి మార్చారు. నేను చూశాను. ఆఫీసు ఫోన్ మోగితే “నువ్వెత్తమ్మా, ఆడపిల్ల గొంతు వింటే కోపంగా ఉన్నోళ్ళు కూడా చల్లబడతారు” అనేవారు. పొగడ్త అనుకుని మురిసిపోయాను. ఒకరోజు పిలిస్తే రెండుసార్లు పలకలేదు. బండి తాళాలు వెతుక్కుంటూ, హెల్మెట్ పెట్టుకుంటూ, “ఒంట్లో బానే ఉందా మాస్టారూ?” అని అడిగాను.

“పర్లేదమ్మా” అన్నారు.

నేను మెట్లు దిగి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత రెండేళ్ళకి మాస్టారు ఒక బట్టల కొట్లో ఇంటర్‌కమ్ బాగుచేసి, రిసీవరు చెవికి పెట్టుకుని, “శుభ్రంగా ఉందండి” అని యజమానికి ఇచ్చారు. అతను విని, “ఏంటండీ మాస్టారూ, ఇంత రొద వినపడట్లేదా మీకు?” అన్నాడు. చీరలు మడతపెట్టే కుర్రాడొకడు “ఫోన్ల మాస్టారికి చెవుడండోయ్” అన్నాడు. కొట్టంతా నవ్వింది. మాస్టారు కూడా వాళ్ళతోపాటు నవ్వారు. మర్నాడు ఆఫీసు తాళాలు పంపించేసి, మోకాళ్ళ నొప్పులు, ఇక మెట్లెక్కలేనని కబురు చేశారు.

ఆ వారం నేను బల్ల సర్దాను. రోజూ నేను హెల్మెట్ పెట్టే చోట, దాని కిందే, ఆ పుస్తకం ఉంది. ఎవరూ రాయని పుస్తకంలో పేజీలు నిండి ఉండటం చూసి వెనక్కి తిప్పుకుంటూ వెళ్ళాను. యాప్ వచ్చాక పేజీకి ఒకటే వరుస. అన్ని పేజీల్లోనూ అదే వరుస, ఆయన గుండ్రటి అక్షరాలతో. పేరు: సూరిబాబు. ఫిర్యాదు: ఎడమ చెవి వినపడట్లేదు. చూసినవారు: జ్యోతి. చివరి మాట: పర్లేదు. చుట్టూ ఎర్ర సున్నా. రెండేళ్ళు, ఆఫీసు తెరిచిన ప్రతిరోజూ, నియమం తప్పకుండా మర్నాటి పేజీకి ఎక్కించుకుంటూ వచ్చారు. జ్యోతి నా పేరే.

పుస్తకం తీసుకుని ధవళేశ్వరంలో వాళ్ళింటికి వెళ్ళాను. ఏమీ అడక్కుండా కూర్చున్నాను. రెండో టీ అయ్యాక ఆయనే అన్నారు, “ఎవరికీ చెప్పలేదమ్మా. ఫోన్లు బాగుచేసేవాడికి చెవుడంటే పని ఎవడిస్తాడు?”

“నాకు చెప్పారండి” అని పుస్తకం ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, “ఇన్నాళ్ళకా” అన్నారు. కోపంగా కాదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

కాకినాడలో డాక్టరుకి చూపించాను. ఎడమ చెవి అప్పటికే పోయింది, ముందే వచ్చి ఉంటే కొంత నిలిచేదేమో అన్నారాయన. కుడిచెవికి వినికిడి మిషను పెట్టారు. మాస్టారు మళ్ళీ ఆఫీసుకి వచ్చి కూర్చునేవారు, రిసీవరు మాత్రం ముట్టుకునేవారు కాదు. రోజూ పొద్దున అడిగేదాన్ని, “ఎలా ఉంది మాస్టారూ వినపడటం?” అని. “పర్లేదమ్మా” అని నవ్వేవారు. ఎర్ర పెన్ను తీసి ఆయన ఎదురుగానే సున్నా చుట్టేదాన్ని. పోయిన వానాకాలం గుండెపోటుతో పోయారు. ముందురోజు కూడా ఆ మాటే అన్నారు.

ఇవాళ నీళ్ళు పట్టడం అయ్యాక రత్నంగారు షెడ్డులోంచి ఫోన్ చేసి, “బాగుందమ్మా, ఎక్కడా తెగట్లేదు, ఇంక లేవండి” అన్నారు. ఆఫీసుకొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు రాసి, ఆవిడ వరుస కొట్టేశాను. యాప్ ఉంది, పుస్తకమూ ఉంది. రేపటి పేజీ తిప్పి, మొదటి వరుస ఎక్కించాను. సూరిబాబు, ఎడమ చెవి, జ్యోతి, పర్లేదు. అది కొట్టేయాలంటే బాగుందని ఆయన నోటంట రావాలి.