స్టార్టరే పోయిందన్నాను

మా దీవిలోని డిగ్నాబాద్‌లో నా కోతలు తెలియనివాళ్లు లేరు. ఇంజను శబ్దం వింటే చాలు జబ్బేమిటో చెప్పేస్తానని, ఒకసారి నడిసముద్రంలో ఆగిన షిప్పును నేనే కదిలించానని చెప్పుకు తిరిగేవాణ్ణి.

కిందటేడు మా పక్కింటి అప్పలనర్సక్క కూతురి పురిటికి వైజాగ్ వెళ్లాలి. విమానమంటే ఆవిడకు భయం. ఆ రోజు బయల్దేరే వైజాగ్ షిప్పు తప్పితే మళ్లీ నెల ఆగాలి. "జెట్టీ దాకా ఆటో ఎందుకక్కా, నా కారు లేదూ?" అన్నాను. తీరా తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది.

"స్టార్టర్ మోటారు పోయింది" అని తేల్చేసి, కారు కిందకు దూరి స్పానర్‌తో దాన్ని కొట్టడం మొదలుపెట్టాను.

"తమ్ముడూ, ఆటో పిలవనా?"

"పది నిమిషాలక్కా! షిప్పునే కదిలించినవాణ్ణి, ఇదెంత?"

పాపం, నమ్మింది. అలాంటి పది నిమిషాలు నాలుగు గడిచాక ఆవిడే వీధి చివరి మెకానిక్‌ను తీసుకొచ్చింది. అతను బానెట్ ఎత్తి నవ్వాడు. "భయ్యా, ముందు బ్యాటరీ చూడొద్దా? ఉప్పుగాలికి టెర్మినల్ ఎలా చిలుం పట్టిందో!" గీకి బిగించగానే కారు స్టార్టయింది.

మేం జెట్టీ చేరేసరికి షిప్పు ఒడ్డు వదిలేసింది.

షిప్పు టైముకన్నా ముందే వెళ్లిపోయిందని వీధంతా చెప్పాను. పక్కనే ఉన్న అక్క కాదనలేదు. వారం తర్వాత ఫోన్ పట్టుకొచ్చి, "నా మనవరాలు, చూడు తమ్ముడూ" అంది. ఒక్క మాట తిట్టినా బాగుండేది. ఆ పసిదాని ముఖం చూడడానికి నాకు తల పైకి లేవలేదు.