తీగల్లోంచి వెళ్ళిన భజన

ఆ రోజుల్లో టీవీలో కనపడడమంటే జన్మకి ఒక్కసారి కనపడడమే. వేసినప్పుడు చూడాలి, లేకపోతే లేదు. పోపు మాడుతోందని వంటింట్లోకి పరుగెత్తితే ఆ కాస్త ముక్కా పోయినట్టే, కరెంటు పోతే మొత్తం పోయినట్టే. ఫోనులో వేలితో వెనక్కి జరుపుకుని చూసుకునే ఈనాటి పిల్లలకు ఈ సంగతి చెబితే, పాపం మర్యాదగా వింటారు గానీ నమ్మరు. నమ్మకపోయినా ఫర్వాలేదు. దొరికినదాన్ని దొరికినప్పుడే కళ్ళకద్దుకోవాలని ఆ కాలం నాకు నేర్పింది, అందుకు దానికి ఋణపడే ఉన్నాను. ఆ నేర్పడంలో ఒక సాయంత్రం నన్ను బాగా ఏడిపించిందనుకోండి, అది వేరే సంగతి.

మాది బందరు. (కాగితాల మీద మచిలీపట్నం అని రాస్తాం గానీ ఇంట్లో అలా అన్నవాళ్ళను నేనెరగను.) మా బాబాయికి బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులుండేవి. రొయ్యను నమ్ముకున్నవాడి ఇంటికి ఒక ఏడాది ఫ్రిజ్జు వస్తుంది, మరుసటి ఏడాది అదే ఫ్రిజ్జు వెళ్ళిపోతుంది అని మా నాయనమ్మ అంటుండేది. అలా చెరువులు కలిసొచ్చిన ఏడాది బాబాయి విజయవాడ వెళ్ళి హోమ్ థియేటర్ తెచ్చాడు. గోడలకు అయిదు స్పీకర్లు, నేలమీద పీట వేసుక్కూర్చున్నట్టుండే బరువైన స్పీకరొకటి, వీటన్నిటికీ పెత్తందారుగా రిసీవర్ అనే నల్లటి పెట్టె. దాన్ని రుబ్బురోలు మోసినట్టు ఇద్దరు మోసుకొచ్చి ముందుగదిలో పెట్టారు. వెనక్కి తిప్పితే ఎర్రవి, తెల్లవి, పసుపువి, పుట్టెడు కన్నాలు. టీవీ అయినా, వీసీఆర్ అయినా, పాటల సీడీలయినా అన్నీ దాని దగ్గరికే రావాలి, దాని అనుమతితోనే బయటికి వెళ్ళాలి. బిగించడానికి వచ్చినతను స్పీకర్ల వరకూ తగిలించి, “మిగతాదంతా పుస్తకంలో ఉందండి” అని చెప్పి బస్సెక్కేశాడు.

ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో నాన్నగారి తర్వాత ఇంగ్లీషు నాకే బాగా వచ్చని ఒక ప్రతీతి ఉంది. నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువని ఇంటిపట్టునే ఉంచేస్తే, రోజూ పొద్దున్నే పూజ అయ్యాక నాన్నగారే పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. ఆయన దయవల్ల ఏ ఇంగ్లీషు వాక్యాన్నయినా విడగొట్టి కర్త ఇక్కడుంది, కర్మ అక్కడుంది అని చూపించగలను గానీ, ఆ వాక్యం మనల్ని ఏం చెయ్యమంటోందో మాత్రం నాకు తెలిసేది కాదు.

“ఇంతకీ రిసీవర్ అంటే ఏవిటే?” అని అడిగింది నాయనమ్మ.

డిక్షనరీ తిరగేసి, “పుచ్చుకునేది నాయనమ్మా” అన్నాను.

“పుచ్చుకోవడమేనా, తిరిగి ఇచ్చేదేమన్నా ఉందా?”

“వీసీఆర్‌కి ఇస్తుందిట, రికార్డు చేసుకోవడానికి.”

“అయితే మంచిదే” అని ఆవిడ దాని నుదుట కుంకుమబొట్టు పెట్టింది.

ఆ రికార్డింగు అవసరం అనుకున్నదానికంటే ముందే వచ్చింది. నాయనమ్మకు ఒక భజన బృందం ఉండేది, అందులో ఆవిడకు జోడీ మొవ్వ మామ్మగారు. (ఎప్పుడో మొవ్వ నుంచి మా వీధికి కాపరానికొచ్చిన మనిషి, పుట్టినూరే ఆవిడ పేరైపోయింది.) నాయనమ్మ ఎత్తుకుంటే మామ్మగారు అందుకోవాలి, లేకపోతే ఆ పాట ఇద్దరికీ పాట కాదు. కార్తీక మాసంలో మా ఊరి కేబుల్ ఛానలు వాళ్ళు కెమెరా పట్టుకొచ్చి వాళ్ళ భజన తీశారు. అది వేసే రోజు వచ్చేలోపల మామ్మగారికి కంట్లో శుక్లం ముదిరి, గుడివాడలో కూతురింటి దగ్గర ఆపరేషన్ అయింది. కంటికి కట్టు, టీవీ వంక చూడకూడదని డాక్టరు ఆన. పైగా మా ఊరి ఛానలు గుడివాడలో రాదు. మళ్ళీ ఎప్పుడేస్తారు నాయనా అని నాయనమ్మ అడిగితే, “మళ్ళీ ఎక్కడండీ, రేపు ఆ క్యాసెట్ మీదే పశువుల సంత తీస్తున్నాం” అన్నారు వాళ్ళు.

“నా మొహం టీవీలో ఎలా ఉంటుందో చూడకుండానే పోతానేమో వదినా” అందిట మామ్మగారు ఫోనులో.

“నువ్వెక్కడికీ పోవు. కట్టు విప్పగానే చూద్దువుగాని. మా అమ్మడు రికార్డు చేస్తుంది” అని నాయనమ్మ నన్నడగకుండానే మాటిచ్చేసింది. ఆవిడ మాటిచ్చిందంటే ఇంటిల్లిపాదీ ఇచ్చినట్టే.

మా పాత వీసీఆర్‌కి ఆ ఛానలు నేరుగా అందేది కాదు. టీవీలోంచి రిసీవర్‌లోకి, రిసీవర్‌లోంచి వీసీఆర్‌లోకి వైర్లు వేస్తే క్యాసెట్ మీదికి ఎక్కుతుందని పుస్తకంలో బొమ్మ చూసి కనిపెట్టాను. బొమ్మ అర్థమయింది కాబట్టి పుస్తకం మూసేశాను. ఇక మిగిలింది నిశ్శబ్దం. అంతవరకూ మాకు తెలిసిన రికార్డింగ్ ఒక్కటే, రేడియో ముందు టేప్ రికార్డర్ పెట్టి, ఎర్ర బొత్తాం నొక్కి, ఊపిరి బిగబట్టుకోవడం. అలా చేసిన ప్రతి క్యాసెట్‌లోనూ పాటతోపాటు పిన్ని కుక్కరు కూత, నాన్నగారి దగ్గు, పాలవాడి కేక ఉచితంగా వచ్చేవి. పావలా అంత చెవులున్న టేప్ రికార్డరే అంత వింటే, ఇంత పెద్ద పెట్టె ఇంకెంత వింటుందోనని నాకు భయం పట్టుకుంది.

ఆ సాయంత్రం నేను ఇంటిమీద చేసిన పెత్తనం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఫ్యాను ఆపించాను. గోడ గడియారాన్ని పరుపుల మధ్య దాచాను. ఫోను మీద దిండు పెట్టాను. స్టవ్ వెలిగించద్దని పిన్నికి చెప్పాను. నాన్నగారు దగ్గు వస్తే పెరట్లోకి వెళ్ళడానికి వీలుగా తలుపు దగ్గర కూర్చున్నారు, నా దగ్గర పాఠం చదువుకునే పిల్లాడిలా.

“తుమ్మొస్తేనో?” అంది పిన్ని.

“మింగెయ్యి పిన్నీ.”

“తుమ్ముని మింగడం మీ నాన్నగారి చదువులో ఉందేమో గానీ, మా ఇంట్లో నేర్పలేదమ్మా.”

“ఎవరన్నా వస్తే మనింట్లో ఏదో అశుభం జరిగిందనుకుంటారు” అన్నాడు బాబాయి. నేను నోటిమీద వేలు పెట్టి చూపించాను. చిలకలపూడి గుడి వైపు తిరిగి, పాండురంగా, పాట క్యాసెట్ మీద పడేటట్టు చూడు, ఇంట్లో చప్పుడు కాకుండా చూడు అని రెండు కోరికలు కోరుకుని బొత్తాం నొక్కాను.

మొదటి పాట దివ్యంగా సాగింది. పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చున్న నాయనమ్మ, టీవీలో తాళం వేస్తున్న నాయనమ్మను రెప్పవాల్చకుండా చూసింది. రెండో పాటలో తెరమీద ఆవిడ చరణం ఎత్తుకుంది, కెమెరా మామ్మగారి మీదికి వెళ్ళింది. మామ్మగారు అందుకోవాల్సిన చోట ఒక్క క్షణం ఆగిపోయింది. కంటిచూపు ఆనక అప్పటికే కాస్త బెదురుగా ఉండేదావిడ. అంతే, జోడీ తడబడితే మాట అందించే అలవాటు ఇన్నేళ్ళది, నాయనమ్మ కుర్చీలోంచి ఆ మాట గట్టిగా అందించేసింది. అందించి ఊరుకుంటే బాగుండేది. కళ్ళు మూసుకుంది, చేతులు తాళం అందుకున్నాయి, ఇక టీవీలో నాయనమ్మ, కుర్చీలో నాయనమ్మ పోటీలు పడి పాడారు. నేను వేలు ఊపాను, చీర కొంగు లాగాను. కళ్ళు తెరిస్తే కదా.

బాబాయి నా చెవి దగ్గరికొచ్చి, “అమ్మ గొంతుకంటే టీవీ గొంతు పెద్దది చేసేస్తే సరి. అమ్మది వినపడదు” అని గుసగుసలాడాడు. ఆ క్షణంలో అది నాకు మహా తెలివైన మాటగా తోచింది. రిసీవర్ మీది పెద్ద గుండీని ఆయన తిప్పగలిగినంత తిప్పాడు. అయిదు స్పీకర్లలోంచి భజన ఒక్కసారిగా విరుచుకుపడింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి, వంటింట్లో స్టీలు గ్లాసులు శ్రుతి కలిపాయి. బృందమంతా తన వెనకే ఉందనుకుందో ఏమో, నాయనమ్మ ఇంకో మెట్టు పైకి వెళ్ళింది. వీధిలోకి వినపడ్డాక వీధి ఊరుకుంటుందా? ఎదురింటి అత్తయ్యగారు కోడల్ని వెంటేసుకుని వచ్చేశారు.

“ఏమ్మా, భజన పెట్టుకుని ఎదురింటివాళ్ళకు ఒక్క మాట చెప్పకూడదూ” అని నన్ను కోప్పడి, తాళాలు అడిగి తీసుకుని మరీ కూర్చున్నారు. గుమ్మంలో నోటిమీద వేలుతో నిలబడ్డ నన్ను చూసి, భక్తిలో ఉందనుకుని కాబోలు, వచ్చినవాళ్ళందరూ నాకో నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళారు. వచ్చినవాళ్ళకు కాఫీ ఇవ్వకపోతే బాగోదని పిన్ని స్టవ్ వెలిగించింది, వెళ్తూ వెళ్తూ దాచుకున్న తుమ్ము కూడా తుమ్మేసింది. ఎలాగూ పోయిందని నాన్నగారు తృప్తిగా దగ్గారు. చివర్లో నాయనమ్మ కర్పూరం వెలిగించి, గంట వాయిస్తూ టీవీలో దేవుడికి హారతిచ్చింది. అందరూ కళ్ళకద్దుకున్నారు. నేను ఏడుస్తూ బొత్తాం ఆపాను.

వీధివాళ్ళు వెళ్ళాక గాని నాయనమ్మ నా మొహం చూడలేదు.

“ఏవయిందే?”

“నువ్వు పాడావు నాయనమ్మా. అంతా ఎక్కేసింది. ఇక మామ్మగారి పాట వినపడదు.”

నేనెంత మోటుగా అన్నానో ఆవిడ మొహం చూశాక తెలిసింది. “దాని గొంతు మీద నా గొంతు పడిందా” అని మెల్లగా అని, కుర్చీలో ఒదిగి కూర్చుండిపోయింది. పిన్ని కాఫీ తెస్తే వద్దంది. “కట్టు విప్పుకుని ఆశగా చూస్తుంది పాపం, ఏం చెప్పను దానికి?” ఇంట్లో నేను అడిగిన నిశ్శబ్దం అప్పుడొచ్చింది.

ఆ క్యాసెట్ వేసి చూసే ధైర్యం ఎవరికీ లేదు. చివరికి నాన్నగారే, “చూడకుండా ఏడవడం దేనికమ్మా? చూసి ఏడుద్దాం” అన్నారు. వెనక్కి తిప్పి వేశాను. మొదటి పాట బాగానే వచ్చింది. రెండో పాటలో ఆ చోటు దగ్గర పడుతుంటే నాయనమ్మ చెవులు మూసుకుంది. తెరమీద మామ్మగారు ఆగింది. ఒక క్షణం ఖాళీ. ఆ ఖాళీలో నాయనమ్మ గొంతు లేదు. మామ్మగారు తనంతట తనే ఆ మాట అందుకుని, చక్కగా ముందుకు వెళ్ళిపోయింది. తర్వాత అత్తయ్యగారి తాళాల్లేవు, దగ్గు లేదు, గంట లేదు. శబ్దం ఎంత పెంచామో దాని జాడ కూడా లేదు. పాట శుభ్రంగా, తుడిచిన అద్దంలా ఉంది.

“నా తుమ్ము కూడా లేదే” అంది పిన్ని, కాస్త చిన్నబుచ్చుకున్నట్టుగా.

నాన్నగారు పుస్తకం తీసి నేను చూసిన బొమ్మకు అవతలి పేజీ చదివారు. “వైర్లలోంచి వెళ్ళేది వెళ్తుంది, శబ్దం పెంచినా తగ్గించినా రికార్డింగుకి అంటదు అని రాశాడమ్మా. ఈ పెట్టెకసలు చెవులే లేవు. పేజీ తిప్పాల్సింది.” నేను నవ్వాను, ఏడ్చాను, లేచి దేవుడి గదిలోకి వెళ్ళి సాష్టాంగపడ్డాను. వెనక నాయనమ్మ, “చూశావా, అదే అందుకుంది. నేనే తొందరపడి అందించాను” అని బాబాయితో చెబుతోంది. చల్లారిన కాఫీ వెచ్చబెట్టించుకుని తాగింది.

కట్టు విప్పాక నాయనమ్మా నేనూ క్యాసెట్ తీసుకుని గుడివాడ వెళ్ళాం. మామ్మగారు తనను తాను చూసుకుని, “ఇదేవిటి వదినా, ఇంత సన్నంగా ఉన్నాను” అని మురిసిపోయింది. పాటలయ్యాక, “మీరంతా కలిసి చూశారు కదా, ఏవనుకున్నారు?” అని అడిగింది. నాయనమ్మ మొదలుపెట్టింది. గడియారం పరుపుల్లోకి వెళ్ళడం దగ్గర్నుంచి టీవీకి హారతి వరకూ. మామ్మగారు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. “ఆపరేషన్ చేసిన కన్ను కదమ్మా, అంత నవ్వకూడదు” అని కూతురు కోప్పడితే, “నవ్వు ఆగితే కదే” అని మళ్ళీ నవ్వింది.

“మరి ఇదేదీ పడలేదేం ఇందులో?” అని నన్నడిగింది.

“ఒక్క చప్పుడు కూడా పడలేదు మామ్మగారూ” అన్నాను గర్వంగా.

“అయ్యో” అందావిడ. “నేను పాడిన పాట నాకు రాదా ఏవిటి? నేను లేకుండా మీరు చేసిన గోల చూద్దునుగా. ఏదీ వదినా, ఆ తుమ్ము దగ్గర్నుంచి మళ్ళీ చెప్పు.”

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. తీగల్లోంచి భద్రంగా వెళ్ళిన ఆ పాట మా పిల్లలు ఫోనులోకి ఎక్కించిన పుణ్యాన ఇంకా నా దగ్గరుంది, వింటూనే ఉంటాను. ఆ సాయంత్రం నేను కోరిన రెండు కోరికల్లో పాండురంగడు ఒకటే తీర్చాడు. ఇంట్లో చప్పుడు కాకుండా చూడమన్న రెండోదాన్ని ఆయన అసలు చెవిన పెట్టలేదు. గుమ్మంలో నోటిమీద వేలుతో నిలబడ్డ ఆ పిల్ల తలపుకొచ్చినప్పుడల్లా కాస్త నవ్వుకుని, ఆ వినకపోవడానికి కూడా ఆయనకో దణ్ణం పెట్టుకుంటాను.