గాలి బయటికే పోతోందని పెట్టిన సంతకం

తొంభైల మొదట్లో అరబ్బు దేశంలోని అల్ ఖౌద్‌లో నేను కరెంటు పని చేసేవాణ్ణి. కంపెనీ రాయించిన ఒక పరీక్ష పాసయ్యాక, కొత్త ఇళ్ళలో కరెంటు పని సక్రమంగా జరిగిందని కాగితం మీద సంతకం పెట్టే అధికారం నాకు వచ్చింది. అప్పటిదాకా నా సంతకం అడిగినవాళ్ళు లేరు. ఆ అధికారం తలకెక్కిందని ఒప్పుకోవాలి.

ఆ కాగితంలో బాత్‌రూమ్ ఫ్యాన్ల గురించి ఒక వరుస ఉండేది: లోపలి గాలి బయటికి పోతున్నదా? కిటికీ లేని బాత్‌రూమ్‌కు అది తప్పనిసరి. ఒక విల్లాలో ఫ్యాను బిగించి, ఫాల్స్ సీలింగ్ పైన దానికి గొట్టం తగిలించాను. గొట్టం రెండో కొస బయటి గోడ దాటాలి. గోడకు రంధ్రమే లేదు. మేస్త్రీకి ముందే చెప్పాల్సింది నేను, మరిచిపోయాను. అప్పటికే గోడకు బయట రాళ్ళు అతికించేశారు. మర్నాడు ఇల్లు అప్పగించాలి. గొట్టం కొసను సీలింగ్ పైనే వదిలేసి పలక మూసేశాను.

మా సూపర్‌వైజర్ హైదరాబాద్ ఆయన. ఫ్యానుకు టిష్యూ కాగితం ఆనించి చూశాడు. అంటుకుంది.

"హవా బాహర్ జా రీ నా?"

"జా రీ భాయ్."

బాత్‌రూమ్‌లోంచి బయటికి పోతోంది కదా, అబద్ధమేముంది అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇంటి బయటికా అని ఆయన అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి సంతకం పెట్టాను.

చలికాలం మొదలయ్యాక ఆ ఇంటి ఓనరు ఫోను చేశాడు. వాళ్ళమ్మ వేణ్ణీళ్ళ స్నానానికి వెళ్ళిన ప్రతిసారీ ఇంట్లో కరెంటు పోతోందట. సూపర్‌వైజర్ నా చేతిలో కొత్త బ్రేకర్ పెట్టి, "పురానా ఖరాబ్ హోంగా, బదల్ కే ఆ" అన్నాడు.

దారిలోనే నాకు సంగతి అర్థమైంది. ఆవిరి సీలింగ్ పైన చేరి, నీటి బొట్లయి, నేను వైర్లు కలిపిన జంక్షన్ బాక్స్‌లోకి దిగుతోంది. కరెంటు లీకైన క్షణాన పడిపోయి, సరఫరా ఆపేసి ఆ పెద్దామెను కాపాడుతున్నది ఆ బ్రేకరే. దాన్ని చెడిపోయిందని నేను పీకాలి. కొత్తదీ పడిపోతుంది. చివరికి ఎవరో విసుగెత్తి, బ్రేకర్ తప్పించి నేరుగా వైరు కలుపుతారు. అలా కలిపిన ఇళ్ళను నేను చూశాను.

ఓనరు అరబ్బు, హిందీ కొంచెమే వచ్చు. తలుపు దగ్గరే ఎదురయ్యాడు. "సదీక్, క్యా ముష్కిల్? మేరా అమ్మా బోల్తా, హమామ్ మే జిన్ను హై!"

"జిన్ను నహీ అర్బాబ్. మై హై," అన్నాను. వాళ్ళ బాత్‌రూమ్‌లో దూరిన భూతం నేనే మరి.

మెయిన్ ఆపి, నిచ్చెన వేసి, పలక తీసి చూపించాను. గొట్టం కొస గాలిలో వేలాడుతోంది. బాక్స్ మూత తడిగా ఉంది. లోపల స్క్రూలు పచ్చగా చిలుమెక్కాయి. ఆయన నిచ్చెనెక్కి లోపలికి తొంగి చూశాడు. తర్వాత, "అమ్మాకో కుచ్ నహీ హువా. అల్‌హమ్దులిల్లా. అబ్ సహీ కరో" అన్నాడు. తల్లికేమీ కాలేదని దేవుడికి దండం, నాకు మరమ్మతు.

అక్కణ్ణుంచే సూపర్‌వైజర్‌కు ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను.

"దస్తఖత్ కర్తే వఖ్త్ ఆంఖాఁ రూమ్ పే రఖ్‌కే ఆయా థా క్యా రే?" అని అరిచాడు, సంతకం పెట్టేటప్పుడు కళ్ళు గదిలో వదిలేసి వచ్చానా అని. నా సంతకం అధికారం ఆ పూటే పోయింది. మళ్ళీ పరీక్ష రాయమన్నాడు. వింతేమిటంటే, ఫోను పెట్టేశాక నాకు ఆకలేసింది.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. నిజామాబాద్ దిక్కువాడు. గోడను చూసి నిట్టూర్చాడు.

"గింత మంచి రాయికి పొక్క వెడ్తవా బావా? ముందుగాల చెప్తే అయిపోవు గదా!"

"చెప్పుడు మర్సిన."

"మర్సినవా, చెప్పనీకి సిగ్గువడ్డవా?"

"ముందుగాల మర్సిన. ఎన్క సిగ్గువడ్డ."

గోడ కోసి గొట్టం బయటికి తీశాం. జంక్షన్ బాక్స్, దానిలోని వైర్లు అన్నీ మార్చాను. పెద్దామె స్నానానికి వెళ్ళింది. ఓనరు, మేస్త్రీ, నేను బోర్డు ముందు నిలబడి బ్రేకర్ వైపే చూస్తున్నాం. లోపల నీళ్ళు పడుతూనే ఉన్నాయి. బ్రేకర్ కదల్లేదు. నీళ్ళ చప్పుడు ఆగింది. అయినా కదల్లేదు.

ఆమె బయటికొచ్చి, మా ముగ్గురినీ చూసి, తను స్నానం చేస్తే ఇంతమంది కాపలా ఎందుకని కొడుకును అరబ్బీలో కసిరింది. నన్నూ చేతితో చూపించి ఇంకేదో అంది. నాకు అర్థమైనంతలో అవి తిట్లే. ఆ గొంతు నిక్షేపంగా ఉంది, అది చాలు. తల వంచుకుని తిట్లన్నీ విన్నాను.